వెలుతురు పడని మైగ్రేన్‌కు గులాబీ అద్దాలు: ఏవి పనికొస్తాయి, ఏవి రావు

కళ్లజోళ్ల షాపుకెళ్లి "వెలుతురు పడట్లేదండీ, ట్యూబ్‌లైటు కింద గంట కూర్చుంటే తలనొప్పి పట్టుకుంటోంది" అని చెబితే కౌంటర్ మీదికి సాధారణంగా మూడు రకాలు వస్తాయి: బ్లూ కట్ లెన్సు, ఎండకు నల్లబడే ఫోటోక్రోమిక్, ముదురు చలువ కళ్లద్దాలు. దేని ఉపయోగం దానికుంది. కానీ మైగ్రేన్ ఉన్నవాళ్లకు వెలుతురు పడకపోవడమనే బాధకు ఈ మూడూ సరైన మందు కావు. పైగా చలువ కళ్లద్దాలను ఇంట్లోనూ ఆఫీసులోనూ పెట్టుకు తిరిగితే బాధ పెరుగుతుంది కూడా.

ఈ బాధ కోసమే ఎక్కువగా వాడుతున్న టింట్, అంటే లెన్సుకు పట్టించే రంగు, మరొకటి ఉంది. దాని పేరు ఎఫ్ఎల్-41. చూడ్డానికి లేత గులాబీ, కాస్త ఇటుక రంగు కలిసినట్టుంటుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టింది. పేరులోని ఎఫ్ఎల్ ఫ్లోరోసెంట్ లైట్ల నుంచి వచ్చింది. అసలు ఉద్దేశం ఆ లైట్ల కింద కళ్లు లాగేవాళ్లకు ఉపశమనం ఇవ్వడం. మైగ్రేన్ సంగతి తర్వాత వచ్చింది.

ఈ అద్దం వెలుతురు మొత్తాన్నీ సమానంగా తగ్గించదు. నీలానికీ ఆకుపచ్చకీ మధ్య, సుమారు 480 నుంచి 520 నానోమీటర్ల పట్టీని ఎక్కువగా పీల్చుకుంటుంది (నానోమీటర్లలో చెప్పేది వెలుతురు అల పొడవు, ఒక్కో రంగుకు ఒక్కో అంకె). ఎరుపు, నారింజ చాలావరకు లోపలికి వస్తాయి, ముదురు నీలం కొంత వస్తుంది. ఆ మిగిలిన వాటి కలయికే మనకు గులాబీగా కనిపిస్తుంది. అంటే గులాబీ రంగు ఫలితమే తప్ప, పని చేసేది ఆ రంగు కాదు. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

480 దగ్గర ఏముంది

రెటీనాలో రాడ్లు, కోన్లు అనే రెండు రకాల కణాలే వెలుతురును పట్టుకుంటాయని చాలాకాలం పాఠాల్లో ఉండేది. 1998లో మెలనాప్సిన్ అనే పదార్థాన్ని గుర్తించారు. అది ఉన్న కొన్ని గాంగ్లియన్ కణాలు (రెటీనా నుంచి మెదడుకు సంకేతాలు పంపేవి) రాడ్ల సాయం, కోన్ల సాయం లేకుండానే వెలుతురుకు స్పందిస్తాయని 2002లో తేలింది. వీటి పని బొమ్మ చూపించడం కాదు. పగలా రాత్రా అన్నది ఒంటికి చెప్పడం, కంటిపాపను ముడిపించడం. వీటికి బాగా తగిలే వెలుతురు 480 నానోమీటర్ల చుట్టుపక్కలది.

మైగ్రేన్‌తో వీటికి లంకె 2010లో బోస్టన్‌లో రామి బర్‌స్టీన్ బృందం చేసిన పనితో బలపడింది. వాళ్లు మైగ్రేన్ ఉన్న 20 మంది అంధులను పరిశీలించారు. కళ్లే లేనివాళ్లకు, కంటి నరం పూర్తిగా దెబ్బతిన్నవాళ్లకు నొప్పి సమయంలో వెలుతురు బాధించలేదు. ఎదుటి మనిషి రూపం కనిపించకపోయినా వెలుతురు ఉందో లేదో తెలిసేవాళ్లకు మాత్రం నొప్పి పెరిగింది. అంటే చూపు పోయినా ఆ దారి తెరిచే ఉంది. ఎలుకల్లో ఆ దారి వెంట వెళితే, రెటీనా నుంచి వచ్చిన తీగలు మెదడును కప్పి ఉండే పొర నొప్పిని మోసే థాలమస్ (మెదడు మధ్యలో సంకేతాలను అందుకుని పంపే భాగం) కణాల దగ్గరికే చేరుతున్నాయని తెలిసింది. వెలుతురు, తలనొప్పి ఒకే కూడలిలో కలుస్తున్నాయన్నమాట.

అదే బృందం 2016లో రంగు రంగు వెలుతురులను విడివిడిగా పరీక్షించింది. తెలుపు, నీలం, పసుపు-నారింజ, ఎరుపు అన్నీ నొప్పిని పెంచాయి. 530 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ బాధపెట్టింది, కొందరికి నొప్పి తగ్గింది కూడా. ఇక్కడో చిక్కుంది. ఎరుపు కూడా బాధిస్తుందంటే, ఎరుపును ధారాళంగా వదిలే ఎఫ్ఎల్-41 ఎందుకు పనిచేయాలి? దీనికి ఇంకా శుభ్రమైన జవాబు లేదు. 2016లోనే యూటా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక ప్రయోగంలో 480 దగ్గర కోత పెట్టిన పూత, 620 దగ్గర కోత పెట్టిన పూత రెండూ రోగులకు తలనొప్పి భారాన్ని తగ్గించాయి. రెండోది తేడా చూపించదనుకున్నారు, కానీ చూపించింది. మెలనాప్సిన్ కథ నిజమే గానీ అదొక్కటే కథ కాదన్నది ప్రస్తుతానికి నిలబడే మాట.

ఆకుపచ్చ సంగతి విని ఆకుపచ్చ కళ్లద్దాలు కొనేవాళ్లున్నారు. ప్రయోగంలో వాడింది చీకటి గదిలో ఒకే సన్నని పట్టీ వెలుతురు. మామూలు ఆకుపచ్చ అద్దం గుండా ఆ పట్టీతో పాటు అటూ ఇటూ ఉన్నది కూడా బోలెడు వస్తుంది. రెండూ ఒకటి కావు.

రుజువు ఎంత గట్టిది

ఎక్కువగా చెప్పుకునే అధ్యయనం 1991 నాటిది, బర్మింగ్‌హామ్‌లోనే జరిగింది. మైగ్రేన్ ఉన్న 20 మంది పిల్లల్లో కొందరికి ఎఫ్ఎల్-41, మిగిలినవాళ్లకు అంతే ముదురున్న నీలం అద్దాలు ఇచ్చారు. నాలుగు నెలల తర్వాత గులాబీ అద్దాలవాళ్లకు నెలకు సగటున 6.2 సార్లు వచ్చే నొప్పి 1.6కు దిగింది. అంకె బాగుంది. కానీ పిల్లలు 20 మందే. రంగు కళ్లముందే ఉంటుంది కాబట్టి ఎవరికి ఏ అద్దమో దాచడం కుదరదు. మాత్రల ప్రయోగాల్లో చేసినట్టు ఉత్తుత్తి అద్దం ఇవ్వడం దాదాపు అసాధ్యం.

ఆ అధ్యయనంలో వాడుకునేవాళ్లకు నిజంగా పనికొచ్చే సంగతి ఇంకోటుంది. మొదటి నెలలో నీలం అద్దాల పిల్లలకు కూడా నొప్పి తగ్గింది, ఆ తర్వాత నిలవలేదు. కొత్త అద్దం పెట్టుకున్న మొదటి నెల ఎవరికైనా కాస్త తేలిగ్గానే ఉంటుందన్నమాట. ఆ నెల చూసి "భలే పనిచేసింది" అనుకోకూడదు.

ఒక్కో మనిషికి ఒక్కో రంగు వెతికే పద్ధతి వేరే ఉంది. బ్రిటన్‌లో ఆర్నాల్డ్ విల్కిన్స్ దీన్ని అభివృద్ధి చేశాడు. ఒక పరికరంలో రంగు, గాఢత విడివిడిగా మారుస్తూ గీతల బొమ్మ ఏ రంగు కింద తక్కువ చికాకు పెడుతుందో చూసి, ఆ రంగుకే లెన్సు చేయిస్తారు. సూత్రం వేరు: ఇక్కడ దృష్టి రెటీనా కణాల మీద కాక మెదడు వెనక భాగంలో చూపుకు సంబంధించిన ప్రాంతం అతిగా రేగడం మీద ఉంటుంది. మన దగ్గర ఇది చేసే చోట్లు అరుదు.

ట్యూబ్‌లైటు వణుకు, ఎల్ఈడీ వణుకు

మన కరెంటు 50 హెర్ట్జ్. పాత బరువు చోక్ ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంది. కంటికి కనిపించదు గానీ మెదడు పట్టుకుంటుంది. ఎలక్ట్రానిక్ చోక్ వచ్చాక ఆ వేగం వేల హెర్ట్జ్‌లకు వెళ్లి బెడద చాలావరకు తీరింది.

పాత ట్యూబులో ఒక విచిత్రం ఉంది. లోపల పూసిన పొడిలో ఎర్రటి వెలుతురు ఇచ్చే భాగం వెంటనే ఆరదు, రెండు మినుకుల మధ్య సన్నగా వెలుగుతూనే ఉంటుంది. నీలం వైపు వెలుతురు మాత్రం టక్కున ఆరి టక్కున వెలుగుతుంది. కాబట్టి నీలం వైపు కోసేసే గులాబీ అద్దం పెట్టుకుంటే వెలుతురుతో పాటు వణుకు కూడా తగ్గేది. ఎఫ్ఎల్-41 ఆ లైట్ల కింద మంచి పేరు తెచ్చుకోవడంలో దీనికీ వాటా ఉంది.

ఇప్పటి ఎల్ఈడీల్లో ఈ లాభం లేదు. చవక డ్రైవరున్న ఎల్ఈడీ కూడా సెకనుకు 100 సార్లు వణుకుతుంది. అందులోని పసుపు పూత క్షణంలో ఆరిపోతుంది కాబట్టి అన్ని రంగులూ కలిసి ఒకేసారి పడి లేస్తాయి. ఏ రంగు అద్దం పెట్టినా వణుకు నిష్పత్తి మారదు. అలాంటి చోట మార్చాల్సింది బల్బు. తేల్చుకోవడం తేలిక: ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి తెల్ల గోడ మీద పడే బల్బు వెలుతురును తీయాలి. గోడ మొత్తం గబగబా కొట్టుకుంటున్నట్టో, నల్లటి అడ్డచారలు కదులుతున్నట్టో కనిపిస్తే ఆ బల్బు వణుకుతోంది. నిలకడగా ఉంటే బాగున్నట్టే. అద్దాల మీద వేలల్లో పెట్టేముందు ఇంట్లో, పనిచేసే చోట తలపైన ఉన్న ప్రతి లైటునూ ఇలా చూసుకోవడం మంచిది. కొన్ని ఫోన్ల ఓలెడ్ తెరలు కూడా ఇలాగే మినుకుమంటాయి, ముఖ్యంగా వెలుగు బాగా తగ్గించినప్పుడు. తెర చికాకు పెడుతోందని వెలుగు అట్టడుగుకు దించితే ఒక్కోసారి బాధ ఎక్కువయ్యేది అందుకే.

షాపువాడు చూపించిన మూడూ ఎందుకు కావు

బ్లూ కట్ లెన్సు 400-420 నానోమీటర్ల దాకా బాగా ఆపుతుంది, ఆపైన కొద్దిగా. 480కి వచ్చేసరికి అది దాదాపు తెల్ల అద్దమే. ఫోటోక్రోమిక్ ఎండలో బాగుంటుంది గానీ నల్లబడటానికి దానికి అల్ట్రావయొలెట్ కావాలి. ఆఫీసులో నల్లబడదు. కారు ముందు అద్దం అల్ట్రావయొలెట్‌ను ఆపేస్తుంది కాబట్టి కార్లోనూ సరిగా నల్లబడదు.

చలువ కళ్లద్దాల సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. సినిమా హాల్లోంచి మిట్టమధ్యాహ్నం బయటికొస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. చీకట్లో 20-30 నిమిషాలు గడిపేసరికి రెటీనా తన గ్రహింపు శక్తిని విపరీతంగా పెంచుకుంటుంది. ముదురు అద్దాలు ఇంట్లో పెట్టుకు తిరిగేవాళ్లు రోజంతా ఆ హాల్లోనే కూర్చున్నట్టు లెక్క. అద్దం తీసిన ప్రతిసారీ మామూలు గది కూడా ఎండలా కొడుతుంది, అందుకని ఇంకా ముదురు అద్దం కొంటారు. ఈ వలయంలో ఇప్పటికే పడినవాళ్లు ఒక్కసారిగా మానేయక్కర్లేదు. ముందు లోపల వాడకాన్ని లేత టింట్‌కు మార్చి, తర్వాత రోజుకు కొంత కొంత సమయం తగ్గించుకుంటూ రావాలి. ఎండలో చలువ కళ్లద్దాలకు అభ్యంతరం లేదు. మే నెల ఎండలో అవి లేకుండా తిరగమని ఎవరూ అనరు.

ఆర్డరు ఇచ్చేటప్పుడు

ముందు పవరు పరీక్ష చేయించాలి. సిలిండరు (అస్టిగ్మాటిజానికి ఇచ్చే పవరు) తప్పుగా ఉన్నా, చదివే పవరు చాలకపోయినా అదే ఒక తలనొప్పి. పవరూ టింటూ ఒకేసారి మారిస్తే తర్వాత తగ్గింది దేనివల్లో తెలియదు. కొత్త పవరు తెల్ల అద్దాలతో నాలుగు వారాలు గడిపి టింట్‌కు వెళ్లడం మేలు. ఆ జోడు మీదే తగిలించుకునే క్లిప్-ఆన్‌లో ఈ టింట్ దొరికితే తక్కువ ఖర్చుతో పరీక్షించుకోవచ్చు.

తర్వాత మెటీరియల్. సీఆర్-39 ప్లాస్టిక్ రంగు బాగా పట్టుకుంటుంది. 90-95 డిగ్రీల వేడి రంగునీళ్లలో ముంచుతారు. లేత రంగుకు కొన్ని నిమిషాలు, ముదురుకు అరగంట పైనే. పాలికార్బొనేట్‌కు ఆ నీళ్ల రంగు అంటదు. దాని మీది హార్డ్ కోటు రంగు పట్టే రకమైతేనే పని జరుగుతుంది, అదీ లేత రంగుల వరకే. పల్చగా ఉండే 1.67 ఇండెక్సు లెన్సులు (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్సు పల్చనవుతుంది) మొండికేస్తాయి, 1.74 అయితే ఆశ వదులుకోవడమే. పవరు ఎక్కువున్నవాళ్లు మందం కొంచెం భరించి 1.6తో సరిపెట్టుకోవాలి.

వరస కూడా ముఖ్యం: ముందు టింట్, తర్వాత యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ (లెన్సు మీద వెలుతురు ప్రతిఫలించకుండా వేసే పూత). కోటింగ్ ఉన్న పాత జోడు పట్టుకెళ్లి "దీనికి రంగు వేయండి" అంటే కుదరదు. వేసినా మచ్చలు మచ్చలుగా పడుతుంది, లేదా వేడికి కోటింగ్ పగుళ్లిస్తుంది. అలాగని కోటింగ్ అక్కర్లేదనుకోవద్దు. ముదురు రంగు లెన్సు లోపలి వైపు అద్దంలా మారి వెనకనున్న కిటికీని, ట్యూబ్‌లైటును కంట్లోకి కొడుతుంది. లోపలి వైపు కోటింగ్ తప్పనిసరి.

ఇక శాతాల గందరగోళం. షాపులో "80 శాతం టింట్" అంటే 80 శాతం ఆపి 20 శాతం లోపలికి వదిలేది. అదే కంపెనీ కాగితం మీద "80 శాతం ట్రాన్స్‌మిషన్" అని ఉంటే 80 శాతం వదిలేది. ఒకరు ఒకటి చెప్పి మరొకరు ఇంకోటి వింటే, ఆఫీసుకు లేత అద్దం అడిగిన మనిషి చేతికి చలువ కళ్లద్దాలు వస్తాయి. ఆర్డరు చీటీ మీద "లోపలికి వచ్చే వెలుతురు ఇంత" అని రాయించుకోవాలి. ఇంట్లో, ఆఫీసులో వాడే జోడుకు సుమారు సగం వెలుతురు వదిలే టింట్ మంచి మొదలు. ఎండకు వేరే జోడు, 15-20 శాతం వదిలేది. ఒకే జోడుతో రెండు పనులూ చేయించాలనుకోవడం దగ్గరే చాలామందికి బెడిసికొడుతుంది.

పైన ముదురుగా కింద లేతగా ఉండే గ్రేడియంట్ వద్దు. ఫోనూ ల్యాప్‌టాపూ కింది భాగంలోంచే చూస్తాం. ఒక లెన్సు పగిలితే ఒక్కటే మార్పించుకోవద్దు. రంగునీళ్లు రోజురోజుకూ మారుతుంటాయి కాబట్టి కొత్తది పాతదానికి జత కుదరదు. రెండూ ఒకే స్టాండులో ఒకేసారి ముంచినవై ఉండాలి.

ఫ్రేము పెద్దదిగా, ముఖానికి దగ్గరగా ఉండాలి. కంటికీ లెన్సుకూ మధ్య 12 మిల్లీమీటర్ల చుట్టుపక్కల దూరం ఉంచి, రెప్పలు తగలకుండా చూసుకుంటే చాలు. ట్యూబ్‌లైటు ఎప్పుడూ తలపైనే ఉంటుంది, కాబట్టి వెలుతురు ఎక్కువగా చొరబడేది కనుబొమల దగ్గరి సందులోంచి. సన్నటి ఫ్యాషన్ ఫ్రేములో ఎంత మంచి టింట్ వేసినా ఆ సందు దాన్ని వృథా చేస్తుంది.

చేతికొచ్చింది ఎఫ్ఎల్-41 అవునా

రెండు అద్దాలు కంటికి అచ్చు ఒకే గులాబీగా కనిపిస్తూ, లోపల ఆపే పట్టీలు పూర్తిగా వేరుగా ఉండొచ్చు. షాపులో శాంపిల్ పక్కన పెట్టి "సేమ్ కలర్ సార్" అనడం రుజువు కాదు. మామూలు గులాబీ రంగు ఎక్కువగా పీల్చుకునేది ఆకుపచ్చ నడిబొడ్డును. అంటే పైన చెప్పిన, అన్నిటికంటే తక్కువ బాధపెట్టే పట్టీనే తీసేసి, 480ని వదిలేస్తుంది. కాబట్టి కంపెనీని ట్రాన్స్‌మిషన్ గ్రాఫు అడగాలి. అందులో 480-520 మధ్య స్పష్టమైన గుంట కనపడాలి. గ్రాఫు ఇవ్వలేనివాళ్ల దగ్గర కొనకపోవడమే మంచిది.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, పాతకాలపు ఫిలమెంటు బల్బు ఒక్కటే వెలిగించి, పాత సీడీ వెనకవైపు దాని వెలుతురు పడేలా పట్టుకోవాలి. ఇంద్రధనుస్సు చారలు కనిపిస్తాయి. ఒక కంటి ముందు లెన్సు పెట్టి తీసి, పెట్టి తీసి చూడాలి. ఎఫ్ఎల్-41 అయితే నీలానికీ ఆకుపచ్చకీ మధ్య, నెమలికంఠం రంగుండే చోట నీడ పడుతుంది. మామూలు గులాబీ అయితే ఆకుపచ్చ మొత్తం మాసిపోతుంది. ఎల్ఈడీ టార్చితో ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే తెల్ల ఎల్ఈడీలో 480 దగ్గర ముందే ఒక లోటుంది. ఎండలో అసలు చేయకూడదు.

ఆ నెమలికంఠం నీడ రోజువారీ జీవితంలో రెండు చోట్ల ఎదురవుతుంది. ఒకటి బట్టల షాపు: నెమలికంఠం చీర బూడిదరంగులోకి దిగిపోతుంది. రంగులు పోల్చే పనిలో ఉన్నవాళ్లు, అద్దకం, ప్రింటింగ్, ల్యాబు, వైరింగ్ లాంటివి, ఆ పని చేసేటప్పుడు తీసేయాల్సిందే. రెండోది ట్రాఫిక్ సిగ్నలు: మన ఆకుపచ్చ సిగ్నలు నిజానికి నీలం కలిసిన ఆకుపచ్చ, సుమారు 500 నానోమీటర్లు. ఈ అద్దం సరిగ్గా దాన్నే మసకబరుస్తుంది. పగలు మొదటిసారి పెట్టుకుని బండి తీసేముందు పక్కన నిలబడి సిగ్నలును ఒకటి రెండు సార్లు గమనించాలి. రాత్రి బండి నడిపేటప్పుడు వద్దే వద్దు. 75 శాతం కంటే తక్కువ వెలుతురు వదిలే అద్దాలు సంధ్యవేళ, రాత్రి డ్రైవింగుకు పనికిరావని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి.

వాడకం, లెక్క

నొప్పి మొదలయ్యాక పెట్టుకోవడం కంటే, నొప్పి తెప్పించే చోటికి వెళ్లేముందే పెట్టుకోవడం ఎక్కువ ఫలితమిస్తుంది: తెల్లటి లైట్ల సూపర్‌మార్కెట్టు, ఆఫీసు హాలు, రాత్రిపూట తెర. మెత్తటి వెలుతురున్న ఇంట్లో తీసేయాలి.

కొనేముందు నాలుగు వారాలు, కొన్నాక కనీసం మూడు నెలలు చిన్న పుస్తకంలో రాసుకోవాలి. నొప్పి వచ్చిన రోజు, ఎన్ని గంటలు, పదికి ఎంత, ఎన్ని మాత్రలు, అద్దాలు ఎన్ని గంటలు పెట్టుకున్నారు. తీర్పు మూడో నెల అంకెలను బట్టి చెప్పాలి. మాత్రల గడి చాలా ముఖ్యం. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు (మైగ్రేన్ కోసమే ఇచ్చే మాత్రలు) 10 రోజులు, మూడు నెలలు దాటి వాడుతుంటే ఆ మాత్రలే తలనొప్పిని నిలబెడతాయి. అప్పుడు ఏ అద్దమూ పనిచేసినట్టు కనిపించదు, తప్పు అద్దానిది కాకపోయినా.

వెలుతురు పడకపోవడం ఎప్పుడూ మైగ్రేనే అనుకోకూడదు. కన్నీళ్లు తగ్గి కన్ను పొడిబారినవాళ్లలో ఇది బాగా ఎక్కువ, దానికి వైద్యం వేరు. కన్ను ఎర్రబడి నొప్పి, లైట్ల చుట్టూ రంగు వలయాలు, చూపు తగ్గడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా రావడం, వీటిలో ఏదున్నా కళ్లజోళ్ల షాపు వైపు కాక ఆసుపత్రికి వెళ్లాలి, ఆరోజే.

టింట్ ఎల్లకాలం ఉండదు, ఎండకూ వేడికీ వెలుస్తుంది. కొన్న రోజున జోడును తెల్ల కాగితం మీద పెట్టి, పగటిపూట కిటికీ దగ్గర ఒక ఫోటో తీసి ఉంచుకుంటే ఆరు నెలలకోసారి అదే చోట, అదే వేళకు పోల్చుకోవచ్చు. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఆ ఫోటోతో పనిలేకుండానే తేడా తెలుస్తుంది: కోటింగ్ సాలెగూడులా పగిలి, ప్రతి లైటు చుట్టూ కొత్తగా ఒక మెరుపు మొదలవుతుంది.